తిరగేసి కోసిన కార్పెట్

మా ఆయన రబ్బరు స్టాంపులు చేస్తారు. కోర్టు వెనక సందులో కొట్టు. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి రోడ్డుమీద నిలబడాలి. ఊళ్ళో ఏ కాగితం మీద ఏ గుండ్రటి ముద్ర పడినా, సగం ఆయన చేతి పనే. ముప్ఫయ్యేళ్ళుగా అక్షరాలన్నీ తిరగేసి చెక్కి చెక్కి, తిరగేసిన వాక్యాన్ని మనం కూడబలుక్కునేలోపు ఆయన అందులో తప్పు పట్టేస్తారు. మనిషి నెమ్మది. సిగరెట్టు కాల్చరు, ఒకరి జోలికి పోరు, ఇంటికి ఆలస్యంగా రారు. ఇంత మంచివాడు నాకు దొరికాడని మా వైపు వాళ్ళు ఇప్పటికీ మురిసిపోతుంటారు. వాళ్ళకేం, ఆయనతో కాపురం చేసేది వాళ్ళు కాదుగా!

ఆయనకున్న జబ్బు ఒక్కటే. ఇంట్లో ఏది పాడైనా "నేను చేస్తాగా" అంటారు. కొళాయి కారితే నేను చేస్తాగా. ఫ్యాను కిర్రుమంటే నేను చేస్తాగా. చేతకాదా అంటే, అదీ కాదు. చేస్తే చక్కగానే చేస్తారు. కానీ ఎప్పుడు చేస్తారన్నది మాత్రం ఆయనకే తెలియదు. వంటింటి కొళాయి కింద చెంబు పెట్టుకుని ఒక వేసవంతా గడిపాం. బయటి మనిషిని పిలుద్దామంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. ఆ చిన్నబోయిన మొహం చూడలేక నేనే ఊరుకుంటాను. అలా ఊరుకుని ఊరుకునే ఇక్కడిదాకా వచ్చింది.

నేను సిటీ బస్సులో కండక్టర్ని. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. నేను ఒక్క కేక వేస్తే ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళు కూడా గప్‌చుప్‌గా లోపలికి జరుగుతారు. అరవై మందిని జరిపేదాన్ని, ఇంట్లో ఈ ఒక్క మనిషిని అంగుళం జరపలేకపోయాను.

మాది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. లిఫ్టు లేదు. హాల్లో గోడ నుంచి గోడకి కార్పెట్ ఉంది. మేము ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు వేయించింది. దాని అంచులన్నీ గోడ వెంట ఉన్న చెక్క పట్టీల మీద పట్టి ఉంటాయి. ఆ పట్టీల నిండా పైకి చూసే సన్న మేకులుంటాయి, కార్పెట్‌ని కరిచి పట్టుకోవడానికి. పడకగది గుమ్మం దగ్గర ఒకచోట ఆ పట్టు వదిలేసింది. దాంతో కార్పెట్ వదులై, గుమ్మానికి రెండడుగుల దూరంలో ముడత లేచింది. మొదట వేలంత. తర్వాత మణికట్టంత.

చెప్పాను. చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. "ఏవండీ, ఆ ముడత ఎవరో ఒకరిని పడేస్తుంది" అన్నాను.

"నేను చేస్తాగా. ఆదివారం చూస్తా" అన్నారు.

ఏడాదికి యాభై రెండు ఆదివారాలు. అన్నీ వచ్చాయి, అన్నీ వెళ్ళాయి. ఒకరోజు పొద్దున్నే మొదటి డ్యూటీకి యూనిఫాం వేసుకుని, భుజాన సంచీ తగిలించుకుని, గడియారం చూసుకుంటూ గదిలోంచి వస్తున్నాను. కాలివేళ్ళు ఆ ముడతలో దూరాయి. పడటం పడటం గుమ్మం రాయి మీద కుడి మోకాలితో పడ్డాను. చప్పుడు నాకే వినబడింది. మోకాటి చిప్ప రెండు ముక్కలైంది.

ఆపరేషన్ చేశారు, కట్టు కట్టారు, కట్టు విప్పారు. అప్పటికి కాలు కర్రలా బిగుసుకుపోయింది. ఎముకల డాక్టరు నా కాలుని రెండు చేతులతో పట్టుకుని వంచబోతే కొంచెం వంగి ఆగిపోయింది.

"ఆరు వారాలు టైముందమ్మా మీకు. ఎముక అతుక్కుంది, ఇక వంగడం మీ చేతుల్లోనే ఉంది. రోజూ వాకర్ పట్టుకుని ఆ గోడ నుంచి ఈ గోడకి నలభై సార్లు నడవాలి. మడమ వేసి, మోకాలు వంచి, లెక్కగా నడవాలి. ఇప్పుడు వదిలేస్తే తర్వాత ఎంత ఏడ్చినా వంగదు" అన్నాడు.

ఆ ఆరు వారాల లెక్క ఊరికే అన్నది కాదు. ఆరో వారం చివర మా డిపోలో మెడికల్ పరీక్ష ఉంది. బస్సు మెట్లు మూడూ కడ్డీ పట్టుకోకుండా, కాలు మార్చి కాలు వేస్తూ ఎక్కి దిగితే మళ్ళీ బస్సు. లేకపోతే బస్టాండులో గాజు గది. టిక్కెట్ల కౌంటరు. ఆ సంగతి మా డ్రైవరన్న వచ్చి చెప్పాడు. పదకొండేళ్ళు ఒకే బస్సు మీద పనిచేశాం. నేను విజిల్ ఊదకముందే నా ఊపిరి విని బండి ఆపే మనిషి.

"కౌంటర్లో ఉన్నాయన రిటైరవుతున్నాడు చెల్లెమ్మా. ఖాళీ చూసుకుని కూర్చున్నారు. ఒకసారి అందులో వేశారంటే ఇంక బయటికి రావడమనేది ఉండదు. నువ్వా డబ్బాలో కూర్చోగలవా?" అన్నాడు.

"నన్ను అందులో పెడితే మూడో రోజుకి ఆ గాజు పగలగొట్టుకుని బయటికొస్తా" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆయన వెళ్ళాక కాలు రెండు చేతులతో పట్టుకుని వంచి చూసుకున్నాను.

మా ఇంట్లో నలభై సార్లు నడవడానికి చోటంటే హాలొక్కటే. అందులో ఆ ముడత అలాగే ఉంది. కింది వాటాలో టైలరు వదిన ఉంటుంది. నాకు వరసకి ఏమీ కాదు, పిలుపుకి వదిన. ఆవిడ తన ఇంట్లో కార్పెట్ వేసిన మనిషి నంబరిచ్చింది. "తక్కువలోనే చేస్తాడు. పొద్దున వస్తే సాయంత్రానికి దులుపుకుని వెళ్ళిపోతాడు. పిలు" అంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర మాట ఎత్తాను. మా ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"బయటివాడెందుకు? నేను చేస్తాగా" అన్నారు.

"మీరెప్పుడు చేస్తారు? నాకున్నది ఆరు వారాలు."

"ఈ ఆదివారమే మొదలుపెడతా. ఒట్టు." కంచంలోకి చూస్తూ అన్నారు. "నా చేతులతో నేను చెయ్యాలి. నన్ను చెయ్యనీ."

ఆ గొంతు విని మెత్తబడ్డాను. నా బుద్ధి అంతే. నేను పడ్డప్పటినుంచి ఆయన నా మోకాలివైపు చూడటం మానేశారు. నీళ్ళు అందిస్తారు, మందులిస్తారు, తల దువ్వమన్నా దువ్వుతారు, చూపు మాత్రం మోకాటి మీద నిలవదు. సరే, ఈ పనితో ఆ బరువేదో దించుకుంటారు కాబోలు అనుకున్నాను.

ఆదివారం నిజంగానే మొదలుపెట్టారు. ముందు హాల్లో సామానంతా పడకగదిలోకి చేర్చారు. సోఫా నా మంచానికి ఆనించారు. సోఫా మీద కుర్చీలు బోర్లించారు. గాజు తలుపుల బీరువా కిటికీకి అడ్డంగా నిలబడింది. భోజనాల బల్ల నిలువుగా ఎక్కి గోడకి చేరగిలబడింది. మంచం నుంచి బాత్రూం దాకా ఒక సందు మిగిలింది, అందులో వాకర్ పట్టదు. పక్కకి తిరిగి, సోఫా చెయ్యి ఒకటి, బీరువా గొళ్ళెం ఒకటి పట్టుకుని ఎండ్రకాయలా వెళ్ళాలి. తర్వాత హాల్లో కార్పెట్ లాగేశారు. దాని కింద మెత్తగా వేసిన పొర పిండైపోయి ఉంది. అదంతా ఊడ్చారు. గోడల చుట్టూ, గుమ్మం పొడవునా పట్టీల మేకులు పళ్ళికిలించుకుని బయటపడ్డాయి.

"ఈ గుమ్మం దాటకు కండక్టర్ గారూ, మేకులున్నాయి" అన్నారు. సరదాగా ఉన్నప్పుడు నన్నలా పిలుస్తారు.

"ఎన్నాళ్ళు?"

"ఎంత, రెండ్రోజులు."

పొద్దున ఆయన కొట్టుకి వెళ్తారు. సాయంత్రం వచ్చి ఒక గంట చేస్తారు, వంట చేస్తారు, పడుకుంటారు. పగలంతా నేను ఆ సామాన్ల గోదాములో. కిటికీ కనబడదు. బీరువా అద్దంలో నా మొహమే నాకు కనబడుతుంది. రోడ్డు మీద బస్సులు వెళ్తుంటే హారను బట్టి ఏ రూటో చెప్పగలను. నా బస్సు మా సందు చివర మలుపు తిరిగేటప్పుడు మా డ్రైవరన్న రెండుసార్లు హారను కొడతాడు, నాకోసమని. మొదట్లో అది వింటే సంతోషంగా ఉండేది. వారం తిరిగేసరికి చెవులు మూసుకునేదాన్ని.

మంచం మీద కూర్చుని కాలు వేలాడదీసి వంచేదాన్ని. డాక్టరు చెప్పినది అదొక్కటే కాదుగా. నడక కావాలి, బరువు పడాలి. నిలబడి నాలుగడుగులు వేద్దామంటే నాలుగో అడుగుకి బీరువా. ఒకరోజు ఆ సందులోనే అటూ ఇటూ తిరుగుతుంటే బల్లకోడు మోకాటికి తగిలి ప్రాణం పోయినంత పనైంది. ఆ తర్వాత భయపడి మంచం దిగడం తగ్గించేశాను. అలాంటి భయం నాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

రెండో వారం కొత్త పొర కొనడంతో సరిపోయింది. తెచ్చింది మందం ఎక్కువైందని మార్చుకొచ్చారు. నా ఒళ్ళు మండిపోతోంది. మూడో వారం ఆయనకొక గొప్ప ఆలోచన వచ్చింది.

"ఇటు చూడు. గుమ్మాల దగ్గర నడిచి నడిచి అరిగిపోయింది కదా. కార్పెట్‌ని ఇటు తల అటు, అటు తల ఇటు తిప్పి వేసేద్దాం. అరిగింది బీరువా కిందకి పోతుంది, కొత్తగా ఉన్నది పైకొస్తుంది" అన్నారు. కళ్ళు మెరుస్తున్నాయి.

"మరి స్తంభమో?" అన్నాను. మా హాల్లో తలుపు పక్క మూలన ఒక స్తంభం గోడలోంచి ముందుకొచ్చి ఉంటుంది. అక్కడ కార్పెట్‌కి దాని కొలతకి గాడి కోసి ఉంది. తిప్పితే ఆ గాడి ఎదురు మూలకి పోతుంది.

"అదే కదా తమాషా! స్తంభం దగ్గర కొత్తగా కోస్తాను. కోసిన ముక్క తీసుకెళ్ళి పాత గాడిలో అతికిస్తాను. ముక్కకి ముక్క, లెక్కకి లెక్క!"

"ఏవండీ, మీకు దండం పెడతాను. ఉన్నది ఉన్నట్టు బిగించెయ్యండి చాలు. అరిగితే అరిగింది."

వింటేగా! నాలుగు సాయంత్రాలు కూర్చుని పాత పేపర్లు అతికించి హాలంత కాగితం చేశారు. స్తంభం దగ్గర దానికి కత్తెరతో గాడి కోశారు. మూల మూలకీ సరిపోయింది. అంత పొందిక చూసి నాకే ముచ్చటేసింది, నిజం చెప్పొద్దూ. నాలుగో ఆదివారం కార్పెట్‌ని బోర్లా పరిచారు. కార్పెట్‌ని వెనకవైపు నుంచే కోయాలి, పైనుంచి కోస్తే నూలు పీకుతుంది. బోర్లా పరిచినప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. కాబట్టి కాగితాన్ని కూడా బోర్లించి గీయాలి.

"ఇందులో ఏముంది, ఇది స్టాంపు పనే! ఊళ్ళో ఎవడికైనా తిరకాసవుతుందేమో గానీ నాకవుతుందా?" అన్నారు హాల్లోంచి.

నేను గదిలో మంచం మీద. తలుపు సందులోంచి ఆయన వీపు కనబడుతోంది. కాగితం బోర్లించారు, బాగానే ఉంది. నాలుగు మూలలా బరువులు పెట్టారు. సుద్దముక్క కోసం లేచి వెళ్ళారు. వచ్చారు. చూశారు. ముప్ఫయ్యేళ్ళ అలవాటు చేతికి. గీత గీయబోయే ముందు తిరగెయ్యాలన్నది ఆ చేతుల్లో ఇంకిపోయింది. బరువులు తీసి, కాగితాన్ని మళ్ళీ తిరగేసి పెట్టారు. గీశారు. పదునైన కత్తితో, ఒక్క దారం పీలిక లేకుండా, అందంగా కోశారు.

కార్పెట్ వెల్లకిలా తిప్పి పరిచారు. స్తంభం మూలన కార్పెట్ చెక్కుచెదరకుండా ఉంది. పాత గాడి ఎదురు మూలన ఉంది. కొత్త గాడి కిటికీ కింద, ఏ స్తంభమూ లేనిచోట, నోరు తెరుచుకుని ఉంది.

"ఏమైందండీ?" అని నేనే అడిగాను.

"రెండుసార్లు తిరగేశాను" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాను. లోకంలో ఇంకెవరైనా అయితే తిరగెయ్యడం మరిచిపోయి తప్పుచేస్తారు. మా ఆయనొక్కరే తిరగెయ్యడం మరవలేక తప్పుచేశారు! నవ్వుతూ నవ్వుతూ ఉండగానే అది ఏడుపైపోయింది. నాలుగు వారాలు. మిగిలింది రెండు. ఆయన గుమ్మంలో నిలబడి నన్ను చూస్తున్నారు, చేతిలో ఆ కోసిన ముక్కతో.

"వచ్చే ఆదివారానికి అలాంటి రంగు ముక్క ఎక్కడైనా దొరుకుతుందేమో చూస్తా" అన్నారు.

"చూడండి. చూస్తూ ఉండండి" అని గోడవైపు తిరిగి పడుకున్నాను.

మర్నాడు ఆయన కొట్టుకి వెళ్ళగానే టైలరు వదిన చెప్పిన కార్పెట్ ఫిట్టర్‌కి ఫోన్ చేశాను. ఆ నంబరు నొక్కుతుంటే దొంగతనం చేస్తున్నట్టనిపించింది. నా ఇల్లు, నా కాలు, నా ఉద్యోగం. అయినా దొంగతనంలాగే ఉంది. నా పిచ్చి కాకపోతే ఏమిటిది!

పదకొండింటికి వచ్చాడు. సన్నగా, నా వయసే ఉంటుంది, మోకాళ్ళకి తోలు మెత్తలు కట్టుకున్నాడు. టైలరు వదిన తలుపు తీసి, నన్ను పక్కనుంచి పట్టుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది. ఫిట్టర్ హాలు చుట్టూ చూశాడు, రెండు కోతలూ చూశాడు, తల గోక్కున్నాడు.

"ఎవరు కోశారండీ? చెయ్యి చాలా బాగుంది. చోటే తప్పు" అన్నాడు.

"మా ఆయన" అన్నాను. ఎందుకో ఆ మెప్పు విని కొంచెం గర్వంగానే అనిపించింది.

అతను ఎక్కువ ఆలోచించలేదు. కార్పెట్‌ని మొదట ఉన్నట్టే తిప్పేశాడు. పాత గాడి వెళ్ళి స్తంభాన్ని వాటేసుకుంది. తప్పు కోత సోఫా వచ్చే చోటికి పోయింది. కోసిన ముక్కని అందులో పెట్టి కిందనుంచి జిగురుపట్టీ వేసి అతికించాడు. నాలుగు వారాలు మా ఆయన చుట్టూ తిరిగిన చిక్కు టీ చల్లారేలోపు విడిపోయింది. తర్వాత బిగించడం మొదలుపెట్టాడు. ఒక చివర పళ్ళు, ఒక చివర దిండు ఉన్న పనిముట్టు ఒకటుంది. పళ్ళని కార్పెట్‌లో దించి, దిండుని మోకాలితో ధన్ మని కొడతాడు. కొట్టినప్పుడల్లా కార్పెట్ ముందుకి జరిగి మేకుల మీద కూర్చుంటుంది. నేను కార్పెట్ చూడలేదు. అతని మోకాలు చూస్తూ కూర్చున్నాను. వంగుతోంది, సాగుతోంది, కొడుతోంది, మళ్ళీ వంగుతోంది. పరాయి మనిషి మోకాలి మీద అసూయపడతానని నేనెప్పుడైనా అనుకున్నానా!

పడకగది గుమ్మం దగ్గరికొచ్చేసరికి అతను ఆగాడు. కార్పెట్ మీద అరచెయ్యి పెట్టి తడిమాడు. అంచు లేపి వెనకవైపు చూపించాడు. గుమ్మానికి సమాంతరంగా తెల్లటి గీత, అక్కడ అల్లిక విరిగింది.

"ఇక్కడ ముడత ఉండేదా అండీ? ఏడాది పైనే ఉండుంటుంది. ఇంత లోతు మడత ఊరికే పడదు."

"ఉండేది" అన్నాను.

"అయ్యో, అప్పుడే పిలవాల్సింది. ఇదిగో, ఇక్కడ నాలుగు మేకుల మీంచి ఊడింది, అంతే. మోకాలితో నాలుగు దెబ్బలు కొడితే కూర్చునేది. పది నిమిషాల పని."

అప్పుడే చూశాను, వాకిట్లో మా ఆయన నిలబడి ఉన్నారు. కొట్టులో కళ్ళజోడు లేదని దాని కోసం వచ్చారట. ఎప్పుడొచ్చారో గానీ ఆ మాట విన్నారు. నేనాయన మొహం చూశాను, ఆయన ఆ తెల్ల గీతని చూస్తున్నారు.

ఆ క్షణంలో నాకంతా తెలిసొచ్చింది. తిప్పి వేస్తే ఈ గీత గాజు బీరువా కిందకి పోయేది. అరుగుదలా లేదు, పాడూ లేదు. నేను పడ్డ చోటు కనబడకుండా పోవాలి, అదీ ఆయనకి కావలసింది. ఎవరో వచ్చి అంచు లేపి ఈ మాట అనకూడదు. అందుకే బయటి మనిషి వద్దు. దానికోసం నా నాలుగు వారాలు పోయాయి. నాకు జాలేసింది, నిజమే. జాలి కంటే ముందు కోపమే వచ్చింది. అంత కోపం ఆయన మీద నాకెప్పుడూ రాలేదు.

ఫిట్టర్‌కి ఏమీ తెలియదు పాపం. "సార్, కొంచెం పక్కకి. బూట్లతో రాకండి" అన్నాడు.

మా ఆయన బూట్లు విప్పలేదు, లోపలికీ రాలేదు. కళ్ళజోడు తీసుకోకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయారు.

సాయంత్రానికి హాలు చదునుగా ఉంది. టైలరు వదిన, ఫిట్టర్ కలిసి సామాను కూడా సర్దేశారు. అదే రోజు నడక మొదలుపెట్టాను. మొదటి రోజు పన్నెండు సార్లు. నాలుగో రోజు నలభై. ఆ తర్వాత అరవై, ఎనభై. మా ఆయన సాయంత్రాలు వచ్చి గోడవారన కుర్చీ వేసుకుని లెక్కపెట్టేవారు. ఆ లెక్క తప్ప మా మధ్య మాటలు లేవు. "ముప్ఫయి ఒకటి. ముప్ఫయి రెండు." నేను పళ్ళు కరిచి నడిచేదాన్ని. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, ఆయన చూడకుండా గోడ దగ్గర తిరిగేటప్పుడు తుడుచుకునేదాన్ని.

పరీక్ష రోజు డిపో ఆవరణలో ఒక ఖాళీ బస్సు నిలబెట్టారు. మా డ్రైవరన్న సెలవు పెట్టి వచ్చాడు. మా ఆయన గేటు దగ్గర ఆగిపోయారు. డిపో డాక్టరు చేతిలో అట్టా, పెన్నూ. మొదటి మెట్టు ఎక్కాను. రెండో మెట్టు ఎక్కాను. మూడోది కొంచెం ఎత్తు. పంతొమ్మిదేళ్ళుగా ఆ మెట్టు ఎత్తుగా ఉందని నేనెప్పుడైనా గమనించానా? కుడికాలు లేపాను. వంగింది, వంగింది, ఇంకో రెండు వేళ్ళ వెడల్పు వంగితే చాలు. అక్కడ ఆగిపోయింది. పాదం మెట్టు అంచుకి కొట్టుకుని కిందకి జారింది. మళ్ళీ లేపాను. మళ్ళీ కొట్టుకుంది. చెయ్యి దానంతటదే కడ్డీని పట్టుకుంది.

"కడ్డీ వదిలెయ్యండమ్మా" అన్నాడు డాక్టరు.

వదిలేశాను. మూడోసారి కూడా అంతే.

డాక్టరు మంచివాడే. నన్ను కూర్చోబెట్టి కాలు కొలిచాడు. "చాలా దగ్గరికి వచ్చారు. ఇంకో మూడు వారాలు ముందు నడక మొదలుపెట్టి ఉంటే హాయిగా ఎక్కేసేవారు. ఇంట్లో నడవడానికి చోటు లేదా?" అన్నాడు.

"లేదండీ" అన్నాను.

కౌంటరు ఆర్డరు చేతికిచ్చారు. డ్రైవరన్న నా వైపు చూడలేక బస్సు టైరు తన్నుతూ నిలబడ్డాడు. గేటు దగ్గరికి వచ్చాక మా ఆయన నా సంచీ అందుకున్నారు.

ఇప్పుడు నేను బస్టాండులో గాజు గదిలో కూర్చుంటాను. ఎదురుగా మందపాటి గాజు, దానికి మాట వినబడటానికి గుండ్రటి కన్నాలు, కింద చెయ్యి పట్టేంత సందు. లోపల తిరగడానికి లేదు, కుర్చీ ఒక్కటే తిరుగుతుంది. జనం వస్తారు, ఊరి పేరు చెప్తారు, టిక్కెట్టు తీసుకుని వెళ్ళి బస్సెక్కుతారు. ఎక్కేవాళ్ళ కాళ్ళు నాకు ఇక్కడినుంచి కనబడతాయి.

చేరిన నాలుగో రోజు మధ్యాహ్నం వరసలో మా ఆయన కనబడ్డారు. ముందు ఆరుగురు, వెనక ఇరవై మంది. కొట్టు వదిలి ఆ వేళప్పుడు బయటికి రావడం నేనెరగను. ఒక్కొక్కరికీ టిక్కెట్టు కొడుతున్నాను, ఆయన ఒక్కొక్క అడుగూ దగ్గరికొస్తున్నారు. ఆయన వంతు వచ్చింది.

"ఎక్కడికి?" అన్నాను. అలవాటు.

ఆయన కన్నాల దగ్గరికి వంగారు. "పది నిమిషాల పని. ఏడాదిపాటు చెయ్యలేదు నేను. ఆ తర్వాత దాచాలని చూశాను. తప్పు నాది" అన్నారు.

నాకు వినబడింది. ప్రతి అక్షరమూ వినబడింది.

"వినబడటం లేదు. గట్టిగా చెప్పండి" అన్నాను.

వెనక ఎవరో విసుక్కున్నారు. "ఏంటి సార్, టిక్కెట్టు తీసుకుంటారా, కబుర్లు చెప్తారా?" మా ఆయన వెనక్కి చూడలేదు. గాజు మీద రెండు చేతులూ ఆన్చారు. "తప్పు నాది" అన్నారు, వరసంతా వినబడేలా. మెడ నరాలు పొంగాయి.

ఆ మాట వింటే హాయిగా ఉంటుందనుకున్నాను. ఎన్నో రోజులు మంచం మీద పడుకుని దానికోసమే కాచుకున్నాను. హాయిగా లేదు. టైలరు వదిన ఇంట్లో కార్పెట్ వేసి రెండేళ్ళవుతోంది. మా ఇంట్లో ముడత ఉన్న ఆ ఏడాదంతా రోజూ ఆవిడ గుమ్మం ముందు నుంచే డ్యూటీకి వెళ్ళాను. ఒక్కసారి ఆగి నంబరు అడిగితే అయిపోయేది. ఆయన మొహం చిన్నబోతుందని అడగలేదు. పది నిమిషాలు నా దగ్గరా ఉన్నాయి. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఆయన నా పెదాలవైపే చూస్తున్నారు, ఏమంటానో అని.

"తర్వాత ఎవరు?" అన్నాను.